తీరిక ఎవరిది? ఇంటిపట్టున చదువు, చేతిపని, బిడ్డల పెంపకం: ఒక చారిత్రక పరిశీలన

విద్యాచరిత్ర రాసేవారు బడుల గురించి రాస్తారు. పరిశ్రమల చరిత్ర రాసేవారు మగ్గాల గురించీ, మిల్లుల గురించీ, ఎగుమతుల గురించీ రాస్తారు. కుటుంబ చరిత్ర రాసేవారు పెళ్ళిళ్ళ గురించీ, ఆస్తి పంపకాల గురించీ రాస్తారు. ఈ మూడు చరిత్రలూ ఒకే ఇంటి కప్పు కింద, ఒకే మనిషి గడిపే రోజులో కలుస్తాయన్న సంగతి మాత్రం మూడింటిలోనూ సరిగా కనబడదు. పొద్దున పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం కుట్టుమిషను దగ్గరో లేసు సూదితోనో కూర్చుని, రాత్రి ఇల్లు సద్దుమణిగాక పరీక్ష పుస్తకం తెరిచే స్త్రీ ఈ దేశానికి కొత్తకాదు. ఐతే ఆమె చదువు "ప్రైవేటు చదువు". ఆమె పని "చేతిఖర్చుల కోసం". ఆమె పెంపకం "తల్లి ధర్మం". ఈ మూడింటికీ కలిపి లోకం పెట్టిన పేరు ఒకటే - తీరిక వేళల వ్యాపకం.

ఈ తీరిక ఎక్కడిది? ఎవరిచ్చింది? ఎవరి లెక్కలో తీరిక? ఈ ప్రశ్న వేసుకుంటే దూరవిద్య చరిత్ర మరో రకంగా అర్థమవుతుంది. బడికి పోలేనివారి ఇంటికి బడి రావడం నిస్సందేహంగా ముందడుగే. దానిని తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని బడి ఇంటికి వచ్చినప్పుడు బడికి కావలసిన చోటూ, వేళా, నిశ్శబ్దమూ ఎవరు సమకూర్చారన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న. అవన్నీ ఆ స్త్రీయే సమకూర్చుకుంది. మరొకరు సమకూర్చిన సందర్భాలు తక్కువ. ఆ తక్కువ సందర్భాలలోనే మనం నేర్చుకోవలసినది ఎక్కువగా ఉంది.

1. వంటింట్లో దొరికిన అక్షరం

పందొమ్మిదో శతాబ్ది మొదట్లో బెంగాలులో పుట్టిన రాససుందరీ దేవికి పన్నెండో ఏట పెళ్ళయింది. పన్నెండుమంది బిడ్డల్ని కన్నది. పెద్ద సంసారం, తెల్లవారకముందు మొదలైన చాకిరీ అర్ధరాత్రి దాటినా తెమిలేది కాదు. ఆడది చదివితే ఇంటికి అరిష్టమన్న రోజులవి. భర్త చదివే చైతన్య భాగవతం నుంచి ఒక పత్రం తీసి, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి తీసి, రెండూ వంటింట్లో దాచుకుని, ఒక అక్షరం పక్కన ఒక అక్షరం పోల్చి చూసుకుంటూ చదవడం నేర్చుకుంది. పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో అచ్చయిన ఆమె "అమార్ జీబన్" బెంగాలీ భాషలో తొలి సమగ్ర ఆత్మకథగా లెక్కకు వచ్చింది.

ఈ కథను సాధారణంగా పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. పట్టుదల ఉంది, కాదనలేం. ఐతే గమనించవలసింది ఆమె చదువుకు దొరికిన సాధనాలు. మొగుడి పుస్తకం నుంచి ఒక ఆకు, కొడుకు పలక లాంటి ఒక తాటాకు, వంటపనిలో దొరికిన క్షణాలు. అంటే ఆ ఇంట్లో చదువు ఉంది, పుస్తకం ఉంది, రాతసామగ్రి ఉంది. అవి మగవారి కోసం ఉన్నాయి. వాటి నుంచి రాలిన ముక్కలతో ఆమె చదువుకుంది. సొంతానికి పుస్తకం లేదు, చోటు లేదు, వేళ లేదు. తర్వాత వచ్చిన ప్రతి ఇంటిచదువు పద్ధతిలోనూ ఈ లక్షణం కొంతో గొప్పో మిగిలే ఉంది.

మన వైపు భండారు అచ్చమాంబ (1874-1905) బడికి వెళ్ళి చదివిన మనిషి కాదు. చిన్నవయసులోనే పెళ్ళి, భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో కాపురం. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాడు. తమ్ముడి చదువు పక్కన అక్క చదువు సాగింది. 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" వెలువడింది. 1902లో వచ్చిన ఆమె కథల్లో ఒకదానికి "స్త్రీవిద్య" అనే పేరు. కన్న బిడ్డలు ఆమెకు దక్కలేదు. అనాథ పిల్లల్ని తెచ్చి పెంచి చదివించింది.

చరిత్రలో పేరు నిలిచిన తొలితరం విద్యావంతులైన స్త్రీలను వరసగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వారిలో చాలామందికి మూడు బరువుల్లో ఒకటి లేదు - బిడ్డలు దక్కకపోవడమో, వైధవ్యమో, కాపురం వదలుకోవడమో జరిగింది. పన్నెండుమంది బిడ్డల తల్లి రాససుందరి పేరు నిలవడం మినహాయింపు. ఆ మినహాయింపును ఆదర్శంగా చూపి మిగతా స్త్రీలతో "ఆమె చేయగా లేంది నీకేం" అనడం చరిత్రను తలకిందులు చేయడమే.

2. తపాలాలో వచ్చిన బడి

1840లో ఇంగ్లండులో పెన్నీ తపాలా వచ్చింది. అదే సంవత్సరం ఐజాక్ పిట్మన్ తన షార్ట్‌హాండు పాఠాలను తపాలాలో పంపి, విద్యార్థులు రాసి పంపిన జవాబులు దిద్ది తిప్పి పంపడం మొదలుపెట్టాడు. పారిశ్రామిక విప్లవం గుమాస్తాలను కోరింది. తపాలా, రైలు ఆ గుమాస్తాను తయారుచేసే బడిని ఇంటికి మోసుకు వచ్చాయి. 1858లో లండను విశ్వవిద్యాలయం తన డిగ్రీ పరీక్షలను, తన కళాశాలల్లో చదవనివారికి కూడా తెరిచింది. ఎక్కడ చదివావు, ఎలా చదివావు అని అడగకుండా పరీక్ష మాత్రమే పెట్టడం అప్పటికి గొప్ప మార్పు. ఐతే ఆ తలుపు మగవారికే. అదే విశ్వవిద్యాలయం స్త్రీలను డిగ్రీలకు అనుమతించింది 1878లో. ఇరవై ఏళ్ళు ఆలస్యం.

అమెరికాలో 1873లో బోస్టను నగరాన ఆనా టిక్నర్ అనే ఆమె ఇంట్లో చదువును ప్రోత్సహించే సంఘం ఒకటి స్థాపించింది. స్త్రీలే ఉపాధ్యాయులు, స్త్రీలే విద్యార్థులు. పుస్తకాలు తపాలాలో వెళ్ళేవి. చదివినదాని మీద ఉత్తరాలు నడిచేవి. 1897లో మూతపడేలోగా ఏడువేల పైచిలుకు స్త్రీలు అందులో చదివారు. ఉపాధ్యాయురాలికి జీతం లేదు. విద్యార్థినికి డిగ్రీ లేదు. ఇంటి పనులకు అడ్డం రాకుండా రోజూ కొంతసేపు చదువుకోవచ్చు అన్నదే దాని పద్ధతి. సంపన్నురాలికి ఆ కొంతసేపు పనిమనిషి శ్రమలో నుంచి వచ్చింది. పేదరాలికి నిద్రలో నుంచి వచ్చింది. ఒకే పాఠం, ఒకే తపాలా. కాని ఇద్దరూ చెల్లించిన ధర ఒకటి కాదు. వర్గాన్ని విడిచిపెట్టి "స్త్రీల తీరిక" గురించి మాట్లాడటం కుదరదనేది ఇక్కడే తేలిపోతుంది.

తెలుగునాట తపాలా బడి పని చాలాకాలం పత్రికలు చేశాయి. కందుకూరి వీరేశలింగం 1883లో "సతీహితబోధిని", 1902లో మొదలైన "హిందూసుందరి", 1928లో మద్రాసు నుంచి డాక్టరు కె.ఎన్. కేసరి ప్రారంభించిన "గృహలక్ష్మి" - ఇవి నెలనెలా ఇంటికి వచ్చిన పాఠ్యపుస్తకాలు. చరిత్ర, ఆరోగ్యం, శిశుపోషణ, అల్లిక, కుట్టు, వంట అన్నీ ఒకే సంచికలో. ఆ సంచికను ముందు పెట్టుకుంటే స్త్రీ రోజు ఎలా ఉండాలని ఆ కాలం కోరిందో అర్థమవుతుంది: చదవాలి, కుట్టాలి, పెంచాలి, ఏదీ మరొకదానికి అడ్డు రాకూడదు. సంస్కర్తల మేలు తక్కువది కాదు. కాని వారు చదువును ఇంటిపనికి చేర్చారేగాని ఇంటిపనిలో నుంచి ఒక్క గంట తీసెయ్యలేదు.

3. మధ్యాహ్నపు బడి

మన మధ్యతరగతి ఇళ్ళలో ఇరవయ్యో శతాబ్దంలో నడిచిన ఒక పెద్ద దూరవిద్యాలయాన్ని విద్యాచరిత్రకారులు ఆ పేరుతో గుర్తించలేదు. అది హిందీ పరీక్షలు. 1918లో మద్రాసులో గాంధీ చొరవతో మొదలైన హిందీ ప్రచార ఉద్యమం దక్షిణ భారత హిందీ ప్రచార సభగా ఎదిగింది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ - మెట్లు మెట్లుగా పరీక్షలు. వీటికి స్కూలు సర్టిఫికెట్టు అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మగవారు ఆఫీసుల్లోనూ పిల్లలు బళ్ళలోనూ ఉన్న వేళ, వీధిలో ఎవరో ఒకరింటి వసారాలో చాప పరచి క్లాసు నడిచేది. చంకబిడ్డతో వచ్చి కూర్చునేవారు. ప్రవీణ దాటిన ఆమె తన వసారాలోనే మరో క్లాసు మొదలుపెట్టేది. నెలకింత అని తీసుకునేది. చదువు, సంపాదన, పిల్లలు మూడూ ఆ వసారాలో ఇమిడాయి.

ఇది ఎలా సాధ్యమైంది? మధ్యాహ్నం అనే వేళను ఒక వీధి మొత్తం ఒప్పుకుంది గనక. జాతీయోద్యమం హిందీ చదువుకు ఒక గౌరవం తెచ్చింది. ఆ గౌరవం అడ్డుపెట్టుకుని స్త్రీలు రెండు గంటలు సంపాదించుకున్నారు. ఒంటరిగా ఒక్కో ఇంట్లో అడిగితే ఆ గంటలు దొరికేవి కావు.

ఇదే సూత్రం మరింత స్పష్టంగా కనబడేది దుర్గాబాయి చేసిన పనిలో. రాజమండ్రిలో 1909లో పుట్టి, ఎనిమిదో ఏట పెళ్ళయి, ఆ పెళ్ళిని తర్వాత కాదనుకుని, కాకినాడలో చిన్నప్పుడే స్త్రీలకు హిందీ పాఠశాల నడిపిన మనిషి ఆమె. ఉప్పు సత్యాగ్రహ కాలపు జైలుశిక్షల తర్వాత బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు చదివింది. పై చదువులు చదివి న్యాయవాది అయింది. బెనారసు హిందూ విశ్వవిద్యాలయం స్త్రీలను ప్రైవేటుగా రాయనిచ్చేది కనుక, బడి మానేసిన ఎందరో తెలుగు స్త్రీలకు "బెనారసు మెట్రిక్" ఒక కిటికీ అయింది. 1937లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభ తొలినాటి పనుల్లో ఈ పరీక్షకు స్త్రీలను తయారుచేయడం ఒకటి. చదువుతోబాటు చేతిపనుల శిక్షణ, ఆపైన వసతి, వైద్యం, "ఆంధ్ర మహిళ" పత్రిక అన్నీ అక్కడ ఒకదానిని ఒకటి ఆనుకుని పెరిగాయి.

దుర్గాబాయి గ్రహించిన విషయం ఇది: పుస్తకం చేతికిచ్చి ఇంట్లో చదువుకో అంటే చాలదు. స్త్రీకి ఇంటి బయట ఒక చోటు కావాలి. తోటి స్త్రీలు కావాలి. చదివినన్నాళ్ళు అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్నకు జవాబు కావాలి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలైన తర్వాత ఈ అనుభవాన్నే ప్రభుత్వ పథకంగా మలిచింది. 1958లో మొదలైన "కండెన్స్డ్ కోర్సు"లలో, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలకు కొన్నేళ్ళ చదువును సుమారు రెండేళ్ళకు కుదించి చెప్పి పరీక్షకు పంపేవారు. చాలాచోట్ల వసతిగృహం కూడా ఉండేది. ఆ కోర్సుల్లో చదివి ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా నిలబడిన స్త్రీలు మన జిల్లాల్లో ఎందరో.

పథకం లోపాలు పథకానికున్నాయి. దేశం అవసరాలకు చాలినంత ఎన్నడూ విస్తరించలేదు. ఐనా సూత్రం సరైనది: చదువుకు పుస్తకంతోబాటు కాలాన్ని కూడా సమాజమే ఇవ్వాలి.

4. సూదిపని లెక్క

ఇక చేతిపని సంగతి. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. నూలుదారం, ఒక చిన్న క్రోషా సూది - పెట్టుబడి అంతే. ఆ సూదితో తయారైన బల్లగుడ్డలు, అంచులు ఐరోపా, అమెరికా ఇళ్ళకు చేరాయి. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో "నరసాపురం లేసు పనివారు" అన్న అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో పుస్తకం ప్రచురించింది. మన జిల్లా స్త్రీల శ్రమ గురించి ప్రపంచం అంతా చదివిన పుస్తకం అది. మనం మాత్రం తక్కువగా చదివాం.

ఆమె చూపిన వ్యవస్థ ఇది. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది, అంచు కట్టే కజాకుట్టు ఇంకొకరిది. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లినది ఏజెంటే పట్టుకుపోతాడు. ఒక గ్రామం స్త్రీలు తయారుచేసిన వస్తువు పూర్తి రూపం చాలామంది చూడరు. దాని ధర అసలే తెలియదు. ఇంటిపని అంతా అయ్యాక రోజుకు ఆరేడు గంటలు అల్లినా వచ్చే కూలి, వ్యవసాయ కూలికి నిర్ణయించిన కనీస వేతనంకంటే ఎంతో తక్కువ. ఎందుకని? వారు కార్మికులు కారు గనక, "గృహిణులు" గనక, తీరిక వేళల్లో అల్లుకుంటున్నారు గనక. వ్యాపారి లెక్కపుస్తకంలో ఆ మాటకు ఖచ్చితమైన విలువ ఉంది. తీరిక అంటే కూలి తగ్గించడానికి దొరికిన కారణం. బయటికి వెళ్ళి కూలిచేయడం పరువుతక్కువ అనుకునే కుటుంబాలలో ఘోషా ఆ తగ్గింపును ఇంకా సులభం చేసింది. అల్లే స్త్రీ కూడా తాను పని చేయడంలేదనే చెప్పుకుంటుంది. భూస్వామ్య కుటుంబపు పరువు, ఎగుమతి పెట్టుబడి లాభం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి.

కుట్టుమిషను కథ కొంత వేరు. మిషను సొంతం కావచ్చు; గిరాకీ వీధిలోదే; కుట్టిన జాకెట్టు ధర కుట్టిన ఆమెకు తెలుసు. ప్రభుత్వం జరిపే టైలరింగు, ఎంబ్రాయిడరీ లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైతే క్రాఫ్టు టీచరు ఉద్యోగానికి దారి దొరికేది. ఇక్కడ చేతిపనే చదువుగా మారింది. చదువు మళ్ళీ చేతిపనికి విలువ పెంచింది. అందుకే చిన్నపట్నాల్లో ఎన్నో కుటుంబాలకు ఆ సర్టిఫికెట్టు నిజమైన ఆధారమయింది. ఐతే కాజాలు కుట్టేది, హెమ్మింగు చేసేది ఇంట్లో పెద్దకూతురు. తల్లి గంటల కొరత కూతురి గంటల్లో నుంచి తీరింది. కొడుకు చదువు ఆగకుండా కూతురి చదువు ఆగిన ఇళ్ళు ఎన్నో. సమతూకం కుదిరింది అనుకున్నచోట త్రాసు రెండో పళ్ళెంలో ఎవరున్నారో చూడాలని దీని తాత్పర్యం.

5. తలుపు తెరిచిన విశ్వవిద్యాలయం

బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్శిటీ 1969లో రాజశాసనం పొందింది. 1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. దాని వెనుక ప్రధాన శక్తి గని కార్మికుడి కూతురు, లేబరు పార్టీ మంత్రి జెన్నీ లీ. పేదలకు చవకరకం చదువు చాలు అన్న సలహాలను తోసిపుచ్చి, ప్రవేశానికి అర్హత అడగవద్దు, డిగ్రీ మాత్రం మరే విశ్వవిద్యాలయానికీ తీసిపోకూడదు అని పట్టుబట్టింది. తొలి ఏడాది సుమారు ఇరవైనాలుగువేలమంది చేరారు. బి.బి.సి. రేడియో, టెలివిజను పాఠాలు, తపాలాలో పుస్తకాలు, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇంటికే ప్రయోగ సామగ్రి. వంటబల్ల మీద రసాయన ప్రయోగం చేయవచ్చునని అప్పటిదాకా ఏ విశ్వవిద్యాలయం అనుకోలేదు.

ఆ వంటబల్ల చుట్టూ జరిగిన సంఘర్షణను సాహిత్యం వెంటనే పట్టుకుంది. విల్లీ రస్సెల్ నాటకం "ఎడ్యుకేటింగ్ రీటా" 1980లో లండనులో ప్రదర్శితమయింది. కథానాయిక జుట్టు కత్తిరించే పనిచేసే శ్రామికవర్గ స్త్రీ. ఓపెన్ యూనివర్శిటీలో సాహిత్యం చదువుతుంది. భర్తకు బిడ్డ కావాలి, ఆమెకు చదువు కావాలి. అతడు ఆమె పుస్తకాలు తగలబెడతాడు. దూరవిద్యలో దూరం విశ్వవిద్యాలయానికీ విద్యార్థికీ మధ్య మాత్రమే కాదు, ఒకే ఇంట్లో ఇద్దరి మధ్యకూడా ఉంటుందని రస్సెల్ గుర్తించాడు. కరపత్రాలు, ప్రాస్పెక్టసులు చెప్పని సంగతి అది.

మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరెస్పాండెన్సు కోర్సులు ప్రారంభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో ఆ దారి పట్టాయి. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అవతరించింది. దేశంలో అదే మొదటిది. తొలి ఉపాధ్యక్షుడు జి. రాంరెడ్డి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపాధ్యక్షుడు ఆయనే. 1991లో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటరు లేనివారు కూడా అర్హతపరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు అన్న నిబంధన ఎంత విప్లవాత్మకమో చదువు ఆగిపోయినవారికే తెలుసు. తెలుగు మాధ్యమంలో శ్రద్ధగా రాయించిన పాఠ్యపుస్తకాలు, సెలవురోజుల్లో స్టడీ సెంటర్లలో క్లాసులు, రేడియో పాఠాలు ఇవన్నీ అంగన్‌వాడీ కార్యకర్తలకూ, దర్జీలకూ, గుమాస్తాలకూ, గృహిణులకూ డిగ్రీ అందేలా చేశాయి. మన భాషాసాహిత్యాల విద్యార్థులు ఎందరో నేటికీ ఆ పుస్తకాలకు రుణపడి ఉన్నారు.

ఇంత మేలు చేసిన వ్యవస్థను అడగవలసిన ప్రశ్న కూడా ఉంది. ఆదివారం క్లాసు అన్నప్పుడు ఆదివారం ఎవరికి సెలవు? మిషను మీద కుట్టే ఆమెకు పండగల ముందు ఆదివారాలే గిరాకీ. పిల్లలు ఇంట్లో ఉండే రోజు, చుట్టాలు వచ్చే రోజు కూడా అదే. ఉద్యోగస్థుడైన మగవాడి వారాన్ని నమూనాగా తీసుకుని తయారుచేసిన కాలపట్టిక అది. స్టడీ సెంటరులో పిల్లల్ని చూసే ఒక ఆయాను పెట్టాలన్న ఆలోచన విద్యాప్రణాళికలో భాగం కాలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీలను ఇచ్చింది. అది శిశుపోషణకు ఇచ్చిన పథకం, తల్లికి గంటలు ఇవ్వాలన్న లెక్కతో ఇచ్చింది కాదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం యాభైమంది పనిచేసేచోట శిశుకేంద్రం ఉండాలన్నది. ఇంట్లో ఒంటరిగా కుట్టే ఆమె, రంగులద్దే ఆమె, లేసు అల్లే ఆమె ఆ యాభైలో లేదు.

6. వారంలో ఎన్ని గంటలు?

కాలాన్ని హక్కుగా ఇచ్చిన ఉదాహరణ చరిత్రలో ఉంది. సోవియట్ యూనియన్‌లో పనిచేస్తూ కరెస్పాండెన్సు పద్ధతిన చదివే కార్మికులకు పరీక్షల కాలంలో వేతనంతో సెలవు చట్టంలోనే ఉండేది. శిశుశాలలు విస్తారంగా ఏర్పడ్డాయి. దీన్ని మనం సగర్వంగా చెప్పుకున్నాం, చెప్పుకోదగినదే. ఐతే కథ అక్కడితో ముగియలేదు. 1969లో "నోవీ మీర్" పత్రికలో నతాలియా బరాన్‌స్కయా రాసిన పెద్దకథ ఒకటి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, ప్రయోగశాలలో శాస్త్రజ్ఞురాలు; ఆమె ఒక వారం రోజుల కథ. ఆఫీసులో ఒక ప్రశ్నావళి వస్తుంది: ఇంటిపనికి ఎన్ని గంటలు, పిల్లలకు ఎన్ని, తీరిక ఎన్ని? ఆమె దానికి జవాబు రాయలేక సతమతమవుతుంది. ఉద్యోగం ఉంది, చదువు ఉంది, శిశుశాల ఉంది. ఇంట్లో మాత్రం పని పంపకం మారలేదు. ఉత్పత్తి సంబంధాలు మారగానే వంటింటి సంబంధాలు వాటంతటవే మారిపోవని ఆ చిన్న పుస్తకం చెప్పింది. అభ్యుదయవాదులమైన మనం ఆ పాఠాన్ని దాటవేయకూడదు.

ఆ ప్రశ్నావళి మన దేశంలోనూ పెట్టారు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించినట్టు తేలింది. పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు. అసలు పాల్గొన్నవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో 26 మంది. దాదాపు అయిదుగంటల తేడా కాదు, అయిదు గంటల చాకిరీ ముందుగా పూర్తిచేస్తేనే ఆమె రోజు మొదలవుతుంది. పిల్లల, వృద్ధుల సంరక్షణ దీనికి అదనం. చదువూ చేతిపనీ ఆ తర్వాత.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు దూరవిద్య దేశం మొత్తానికి పాకింది. ఇంట్లో ఒకే సెల్‌ఫోను ఉన్నచోట అది ముందు పిల్లవాడి పాఠానికి, తర్వాత తల్లి కుట్టిన బట్టల బొమ్మలు గిరాకీదారులకు పంపడానికి, అన్నిటికన్నా చివర తల్లి చదువుకు. రాససుందరి తాటాకు స్థానంలో ఫోను వచ్చింది. వరసలో తల్లి స్థానం మారలేదు. ఇవాళ పట్నాల్లో, పల్లెల్లో మగ్గంవర్కు జాకెట్లు చేస్తూ, వాట్సాపులో అమ్ముతూ, దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేస్తున్న యువతులను "సూపర్‌మామ్" అని పొగడటం చూస్తున్నాం. పొగడ్త ఉచితం. నిద్ర తగ్గించుకుని సాధించినదాన్ని మెచ్చుకుని ఊరుకుంటే నిద్ర తగ్గించుకోవలసిన పరిస్థితిని కూడా మెచ్చుకున్నట్టే. "సమతూకం" అనే మాట వ్యక్తి నేర్పుకు సంబంధించిన మాటగా చలామణి అవుతోంది. చరిత్ర చూస్తే సమతూకం కుదిరినచోటల్లా ఎవరో గంటలు ఇచ్చారు - వసారా క్లాసును ఒప్పుకున్న వీధి ఇచ్చింది, ఆంధ్ర మహిళా సభ వసతిగృహం ఇచ్చింది, కార్మిక చట్టం ఇచ్చింది. ఎవరూ ఇవ్వనిచోట పనిమనిషి నుంచి, పెద్దకూతురి నుంచి, సొంత ఒంటి నుంచి తీసుకోవలసి వచ్చింది.

7. రచయితల పని

తెలుగు కథా సాహిత్యం స్త్రీ చదువును చాలాకాలం పెళ్ళికి ముందు జరిగే ఘట్టంగా చూసింది: అమ్మాయి కాలేజీకి వెళుతుంది, ప్రేమిస్తుంది, చదువు ఆగుతుంది లేదా ఆగదు. పెళ్ళయ్యాక, బిడ్డలు పుట్టాక, చేతిపనితో సంసారం ఈదుతూ చదివే స్త్రీ కథాంశంగా రావలసినంత రాలేదు. వచ్చినప్పుడు కూడా ఆమె ఓర్పు కథ అయింది. ఆమె గంటల కథ కాలేదు. లేసు అల్లే స్త్రీ మన కథల్లో కిటికీ దగ్గర కూర్చున్న అందమైన బొమ్మగా కనబడుతుంది. దారం ఎవరు తెచ్చారు, కూలి ఎంత, ఎవరు లెక్కకట్టారు అన్నది కనబడదు.

సాహిత్య విద్యార్థులు చేయగల పని ఇంకొకటి ఉంది. హిందీ ప్రవీణలు, బెనారసు మెట్రిక్కులు, కండెన్స్డ్ కోర్సు ఉపాధ్యాయినులు, సార్వత్రిక విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులు - వీరి ఉత్తరాలు, నోటుపుస్తకాలు, జమాఖర్చుల పద్దులు మన ఇళ్ళలోనే అటకల మీద ఉన్నాయి. మొదటి తరం దాదాపు వెళ్ళిపోయింది. ఉన్నవారిని అడిగి రాసుకోవలసిన సమయం ఇదే. ఏం చదివావమ్మా అని అడగడంతో ఆగకూడదు. ఏ వేళ చదివావు, అప్పుడు బిడ్డను ఎవరు ఎత్తుకున్నారు, పరీక్ష ఫీజు ఏ డబ్బుతో కట్టావు అని కూడా అడగాలి. ఆ జవాబులు చేరినప్పుడే మన విద్యాచరిత్ర పూర్తవుతుంది.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఆ జవాబుల్లోనే ఉన్నాయి: స్టడీ సెంటరుకు ఆనుకుని శిశుశాల, స్త్రీలు నిజంగా రాగలిగిన వేళల్లో క్లాసు, ఇంట్లో పనిచేసే కళాకారిణికి కార్మికురాలిగా గుర్తింపు, పరీక్షల నెలలో భృతి. ఇవి దయతో ఇచ్చేవి కావు. ఇన్నేళ్ళుగా తీరిక పేరిట లెక్కలో రాయకుండా తీసుకున్న గంటలకు ఇవ్వవలసిన బాకీ.